శివారు భూముల చరిత్ర: అల్లవరం, కాలువ, సముద్రం

వాతావరణ మార్పుల వలన వ్యవసాయానికి వాటిల్లే ముప్పును గురించి చర్చ వచ్చినప్పుడు మనకు మొదట స్ఫురించేది అనంతపురం, ఆ తరువాత పాలమూరు. కోనసీమ పేరు ఎవరికీ తట్టదు. ఏటా గోదావరి నీరు పారే నేలకు, వరి చేల నడుమ కొబ్బరితోటలు బారులు తీరిన సీమకు ఏమి కొరత అని అనుకోవడం సహజమే. అయితే 2011లో ఈ సీమ రైతులే, కాలువలో నీరుండగానే, సార్వా పంట వేయకుండా వేలాది ఎకరాలను బీడు పెట్టారు. ‘పంట విరామం’ అనే మాట నాడు రాష్ట్రమంతటా మారుమోగింది. నీరు లేక సాగు మానుకున్న రైతులను చరిత్ర ఎరుగును. నీరుండీ మానుకున్న రైతుల కథ తెలియాలంటే ఒకటిన్నర శతాబ్దం వెనుకకు పోవలసి ఉంటుంది.

అల్లవరం అమలాపురానికి దక్షిణాన ఉన్నది. ఈ మండలానికి పడమట వైనతేయ గోదావరి, దక్షిణాన బంగాళాఖాతం. నది సముద్రంలో కలిసే ఓడలరేవు, 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తకస్థావరం ఉండిన బెండమూర్లంక, రెండూ ఈ మండలంలోనివే. ధవళేశ్వరం వద్ద బయలుదేరిన కాలువ నీరు కోనసీమనంతా తడిపి చివరగా చేరేది ఈ తీరపు ఊళ్లకు. అట్లే, ఎగువ చేలలో మిగిలిన మురుగు సముద్రంలో పడబోయే ముందు దాటవలసినదీ ఈ ఊళ్లనే. ఇటువంటి నేలను మన రైతులు శివారు భూమి అంటారు. నీరు అందడంలో కడపటిది, నీరు తీయడంలోనూ కడపటిదే.

1832-33 నాటి నందన కరువు, దాని వెంట వచ్చిన దుర్భిక్షాలు గోదావరి మండలాన్ని కుంగదీసిన పిదప, ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ఆనకట్ట 1852 నాటికి పూర్తయినది. ఆ మహోపకారాన్ని ఎవరూ మరువలేదు; ఆ ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాము. కాని ఆనాటి నిర్మాణంలో ప్రధాన లక్ష్యాలు రెండు: సాగునీరు, పడవల ప్రయాణం. వచ్చిన నీరు తిరిగి పోయే దారి గురించి అంతటి శ్రద్ధ కనబడదు. సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తున మాత్రమే ఉండే డెల్టా అంచుల్లో ఆ లోటు క్రమంగా బయటపడింది. 1960లలో కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించడానికి మిత్రా సంఘాన్ని నియమించవలసి వచ్చింది. 1968లో మురుగు కాలువల బాగుకోసం డెల్టా రైతుల మీద ప్రత్యేక పన్ను విధిస్తూ చట్టమే చేశారు. అనగా వచ్చే నీటికీ, పోయే నీటికీ కూడ రైతు పైకం చెల్లించినాడన్నమాట.

మురుగు ఎందుకు కదలదన్నది సామాన్యమైన విషయమే. సముద్రానికి పోటు వచ్చినప్పుడు నీరు ఎదురెక్కుతుంది; మురుగు ఆటు వేళలోనే దిగాలి. మొగ దగ్గర ఇసుక మేట వేసినా, కాలువలో గుర్రపుడెక్క అల్లుకున్నా, పూడిక తీయక అడుగు పైకి లేచినా ఆ కాసిని గంటలు చాలవు. ఈలోగా మరొక వాన కురుస్తుంది. ఎగువ ఊరిలో రెండు రోజుల్లో తేలే చేను శివారులో వారం పది రోజులు మునిగి ఉంటుంది.

దీనికి పంట కాలపట్టిక తోడయింది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు పరిశోధనాస్థానం నుంచి 1982లో విడుదలయిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) డెల్టా రైతు దశ మార్చిన వంగడం. ఎరువు తక్కువైనా మంచి దిగుబడినిస్తుంది. అయితే దాని కాలం దాదాపు 150 రోజులు. జూన్‌లో వదలిన నీరు శివారుకు చేరి, నారుమడి పోసి, ఊడ్పులు ముగిసేసరికి ఆగస్టు వస్తుంది. కోతలు నవంబరు ద్వితీయార్ధంలోనో, డిసెంబరులోనో పడతాయి. బంగాళాఖాతంలో తుపానులు ఉద్ధృతంగా ఉండే రోజులు సరిగ్గా అవే.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపానులో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల మత్స్యకారులెందరో వేటకు పోయి తిరిగి రాలేదు. కోతకు సిద్ధమైన చేలు నేలకొరిగాయి. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. వరి పోతే ఏడాది నష్టం. కొబ్బరి పోతే, కొత్త మొక్క కాపుకు వచ్చేదాకా అయిదారేళ్ల నష్టం. 2010 నవంబరులో జల్ తుపాను, డిసెంబరులో అకాల వర్షాలు మళ్లీ పనల మీద ఉన్న పంటను ముంచాయి. తడిసి మొలకెత్తిన ధాన్యానికి కొనుగోలుదారు లేడు. మరుసటి ఏడు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలి, ఎరువు, కౌలు లెక్క వేసుకున్న రైతు వేయకుండా ఉండడమే తక్కువ నష్టమని తేల్చుకున్నాడు. అదీ 2011 పంట విరామం. దీని కారణాల విచారణకు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది.

తుపానులకు ముందే కోత ముగిసేలా నీరు త్వరగా వదలాలన్నది రైతుల చిరకాలపు కోరిక. 2022లో జూన్ 1నే గోదావరి డెల్టాకు నీరు వదిలారు. అయినా ఆ ఏడు కోనసీమలో పంట విరామం మాట తిరిగి వినవచ్చింది. జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి, లంక గ్రామాలు నీట మునిగాయి. నీరు ముందుగా వచ్చినంత మాత్రాన చాలదు, మురుగు కూడ దిగాలని ఆ ఏడు మరొకసారి తెలియవచ్చింది.

ఇక ఈ ముప్పును కొలిచే పద్ధతి సంగతి. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రిడా) శాస్త్రజ్ఞులు 2013లో దేశంలోని గ్రామీణ జిల్లాల దుర్బలత్వాన్ని లెక్కగట్టి పటాల సంపుటం వెలువరించారు. 2019లో దానిని సవరించారు. విపత్తు తాకిడి ఎంత, దానికి పంట ఎంత లొంగుతుంది, తట్టుకొనే శక్తి ఎంత అన్న విచారణ ఈ లెక్కలకు మూలం. ఇది విలువైన కృషి. కాని లెక్కకు ప్రమాణం జిల్లా. సాగునీటి విస్తీర్ణం తట్టుకొనే శక్తి కింద జమ అవుతుంది. నాటి తూర్పు గోదావరి జిల్లాలో రంపచోడవరం కొండలు, ధవళేశ్వరం పక్క చేలు, అల్లవరం శివారు ఒకే సగటులో కలిసిపోతాయి. మెట్టప్రాంతాన నీరు ఆసరా. అల్లవరంలో అదే నీరు దిగకపోతే ఆపద. ఈ తేడా జిల్లా అంకెలో కానరాదు.

సముద్రం వైపు నుంచి వచ్చే మార్పు మరింత నిదానమైనది, మరింత శాశ్వతమైనది. డెల్టా అంటే నది మోసుకొచ్చిన ఒండ్రు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుండిన గోదావరి ఒండ్రు, 1990లలో 6 కోట్ల టన్నులకు లోపే. ఎగువ జలాశయాలలో మన్ను ఆగిపోతోంది. నేలకు కొత్త మన్ను చేరక, సముద్రమట్టం పెరుగుతూ ఉంటే ఉప్పునీరు లోపలికి జొరబడుతుంది. తీరం వెంట వరిచేలు రొయ్యల చెరువులైన చోట పక్క చేనుకూ ఉప్పు పాకుతుంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మురుగుకాలువ గుండా ఎగదన్నిన ఉప్పునీటికి తలలు వాలిన కొబ్బరితోటల గోడు 2025లో రాష్ట్రమంతా విన్నది.

నష్టం ఎవరి మీద పడుతుందనేది అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న. కోనసీమలో దున్నేవాడు తరచు కౌలుదారు. 2011లో సాగుదారులకు గుర్తింపు పత్రాల చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం 11 నెలల పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. అది దొరకని కౌలుదారుకు బ్యాంకు అప్పూ కష్టమే, పంట నష్టపరిహారమూ కష్టమే. తుపాను అందరి చేల మీదా ఒకే తీరున వీస్తుంది. యజమానికి ఆ ఏడు కౌలు గింజలు తగ్గుతాయి. కౌలుదారుకు వచ్చే ఏడు విత్తనానికి చేతిలో పైకం ఉండదు.

కాబట్టి అల్లవరం వంటి ఊరి బలాబలాలు తెలియాలంటే జిల్లా సగటు చాలదు. కాలువ నీరు శివారుకు చేరిన తేదీ, భారీ వర్షం తరువాత చేను తేలడానికి పట్టిన రోజులు, బావినీటిలో ఉప్పు, కౌలుదారుల్లో పత్రం అందినవారి సంఖ్య: ఈ నాలుగూ ఊరి వారీగా, ఏటేటా నమోదు కావాలి. ఇవేవీ ఖరీదైన కొలతలు కావు. ఒక పుస్తకంలో పదేళ్లు వరుసగా రాసి ఉంచితే, పూడిక తీత ముందు ఎక్కడ జరగాలో, ఏ ఊరికి ముంపును తట్టుకొనే స్వర్ణ సబ్-1 వంటి వంగడం అవసరమో, ఏ చేను ఇక వరికి పనికిరాదో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. 1852 నుంచి ఇక్కడికి వచ్చిన నీటికి లెక్కలున్నాయి. పోవలసిన నీటికి కూడ అంతటి శ్రద్ధతో లెక్క ఉండాలని శివారు రైతు అడగడం న్యాయమే కదా.