మజిలీలలో తెలిసిన దేశము

కాశికి పోవుట, కాటికి పోవుట ఒక్కటే అని మన పెద్దలు చెప్పుకొనేవారు. ఆ సామెతలో భయము ఎంత ఉన్నదో దూరమును గురించిన లెక్క కూడ అంతే ఉన్నది. రైలు లేదు. మంచి బాట కొన్నిచోట్ల ఉన్నది, పెక్కుచోట్ల లేదు. పెద్ద నదులకు వంతెనలు లేవు. బయలుదేరిన మనిషి తిరిగి వచ్చునో రాడో ఇంటివారికి సంవత్సరము దాటితే గాని నిశ్చయముగా తెలిసేది కాదు. అట్టి కాలములో, 1830 మే 18వ తేదీన, ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుమంది పరివారముతో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరినారు. తిరిగి ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీన. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ ప్రయాణమును గురించి ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో మొదటి యాత్రాగ్రంథమని ప్రసిద్ధి.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. ఒకరు చెప్పిన మాటకు ఏమియు చేర్చక, ఏమియు తీసివేయక, మరొక భాషలో న్యాయాధిపతికి వినిపించుట ఆ ఉద్యోగము. ఆ అలవాటు గ్రంథమంతట కనబడుతున్నది. ఆయన యాత్ర ముగించి, ఇంట విశ్రాంతిగా కూర్చుండి జ్ఞాపకము తెచ్చుకొని వ్రాసినది కాదు ఇది. దారిలో వ్రాయుచు, వ్రాసినదానిని చెన్నపట్టణములోని మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచు వచ్చినారు. కనుక ఏ పుట వ్రాయునప్పుడు కూడ ముందు రాబోవు ఊరు ఎట్టిదో, ఏరు దాటనిచ్చునో లేదో, చివరకు ఇల్లు చేరుదుమో లేదో వ్రాయువానికి తెలియదు. చదువుచున్న మనకు తెలుసును. ఈ వ్యత్యాసము మనస్సులో ఉంచుకొని చదివితే ఆ పుటలు వేరుగా వినిపించును.

మజిలీ అన్న మాట మనకు కథల వలన పరిచితము. మధిర సుబ్బన్నదీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ చదివిన ఇండ్లు తెలుగుదేశములో చాల ఉన్నవి. మజిలీకొక కథ చెప్పినగాని నడువనని పట్టుబట్టిన గోపబాలకుడు, సరేయని ఒప్పుకొన్న మణిసిద్ధుడు ఆ ఇండ్లలో పిల్లలకు కూడ తెలుసును. కాశి ఎప్పటికో గాని రాదు. మజిలీ మాత్రము ప్రతి సాయంకాలము వచ్చును. దీక్షితులుగారు కల్పించిన మజిలీలలో రాజకుమారులు, మాయలు ఉన్నవి. వీరాస్వామయ్యగారు నిజముగా దిగిన మజిలీలలో ఉన్నవి బావులు, చెట్లు, అంగళ్ళు. ఈ ఊరికి ఆ ఊరు ఎన్ని కోసులు, బాట రాతినేలయా రేగడియా, నీళ్ళు ఎట్టివి, దిగుటకు వసతి ఉన్నదా, కావలసిన వస్తువులు దొరకునా — ఇదియే ఆయన వరుస. మొదటి ఇరువది పుటలలో ఇది విసుగు పుట్టించును. ఆ మాట దాచవలసిన పని లేదు. కాని యాబది పుటలు గడచిన తరువాత, మంచినీళ్ళు ఉన్నవన్న వాక్యము వచ్చినపుడు చదువువానికి కూడ ప్రాణము కుదుటపడును. వేసవిలో బయలుదేరి, వానలలో రేగడినేలలు దాటి పోయినవారికి నీడ, నీరు అన్నవి వర్ణనకు పనికివచ్చు మాటలు కావు. నూరుమంది ఆనాడు భోజనము చేయుదురా లేదా అన్న ప్రశ్నకు సమాధానములు. ఒక చోటిమీద కలిగిన ప్రీతిని ఆయన కన్నీళ్ళతో చెప్పలేదు. ఆ చోటి బావిని తలచి చెప్పినారు.

తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము దర్శించి, కృష్ణ దాటి, హైదరాబాదు చేరినారు. ఆ నగరమును ఆయన నిదానముగా చూచినారు. చార్‌మినారు, మక్కా మసీదు, హుస్సేన్‌సాగరము, మూసీనది ఆవల ఇంగ్లీషు రెసిడెంటు కోఠీ, బజారులలోని జనసమ్మర్దము, ఆయుధములు ధరించి తిరుగు మనుష్యులు అన్నియు గ్రంథములో చోటు చేసుకొన్నవి. చెన్నపట్టణములో కోర్టు, కుంఫిణీవారి చట్టములు ఎరిగిన మనిషి, వేరొక ప్రభుత్వము క్రింద నడచుచున్న వీధులను కొంత జంకుతో, చాల కుతూహలముతో చూచుట మనకు తెలియుచున్నది. నేటి హైదరాబాదువాసి ఈ పుటలు చదివి తన ఊరిని గుర్తుపట్టగలడు.

అక్కడి నుండి నాగపురము దారి. ఈ భాగమున మెల్లని ప్రయాణము చేసిన మేలు బాగుగా కనబడును. నేడు చెన్నపట్టణము నుండి కాశికి రైలులో రెండు రాత్రులు. తెలుగు వినుచు నిద్రపోయిన ప్రయాణికుడు హిందీ వినుచు మేలుకొనును. నడుమ ఏదో గీత ఉన్నట్లు తోచును. పల్లకీ వేగమున పోయినవారికి అట్టి గీత ఎక్కడను తగులదు. ఒక మజిలీలో తెలుగులో నాలుగు మరాఠీ మాటలు కలియును. వేరొక మజిలీలో మరాఠీలో నాలుగు తెలుగు మాటలు మిగులును. అన్నము రొట్టె అగుటకు కూడ దినములు పట్టును. కొలతలు మారును, నాణెములు మారును. కుంఫిణీవారు తమ రాజ్యమంతటికి ఒకే రూపాయి నిర్ణయించినది 1835లో. అంతకు ముందు బాటసారికి షరాబు అంగడి దేవాలయమంత అవసరము. దేశము ఒకటా, అనేకమా అని మనము గ్రంథములు ముందిడుకొని వాదించుకొనుచుందుము. వీరాస్వామయ్యగారికి అది చేతిలోని నాణెము, విస్తరిలోని అన్నము తెలిపిన విషయము.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ మెల్లని ప్రయాణపు సుఖము అందరిదీ కాదు. పల్లకీలో కూర్చున్నవారికి చుట్టును చూచుటకు, ఆలోచించుటకు, వ్రాసుకొనుటకు తీరిక ఉన్నది. మోసిన బోయీలకు ముందున్న అడుగు తప్ప వేరు దృశ్యము లేదు. బురదలో కాలు జారినపుడు ఆ ఊరు వారికి ఎట్లు తోచినదో చెప్పు దినచర్య మనకు లేదు. ఈ గ్రంథమును మెచ్చుకొనునపుడు ఆ భుజములను కూడ స్మరించుట న్యాయము.

జబ్బలుపురము మీదుగా ప్రయాగ, అటుపై కాశి. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో కుంఫిణీ ప్రభుత్వము యాత్రికులవద్ద సుంకము వసూలు చేయుచుండిన రోజులవి. ఆ పద్ధతి 1840లో గాని రద్దు కాలేదు. గంగలో మునుగుటకు వచ్చినవాడు ముందు రసీదు పుచ్చుకొనవలెను! భక్తి ఎంత ఉన్నను వీరాస్వామయ్యగారు లెక్కలు మరువలేదు. క్షేత్రములలో ఎవరికి ఎంత ఇచ్చుకొనవలసి వచ్చునో వ్రాసినారు. వెనుక రాబోవువారికి ఇది స్థలపురాణము కంటె ఎక్కువగా ఉపయోగపడి ఉండును.

కాశి నుండి పడవలమీద గంగ వెంట దిగి, గయ చూచి, కలకత్తా చేరి, పూరీ మీదుగా తూర్పుతీరమున దక్షిణమునకు మరలినారు. మరల తెలుగుమాట వినబడు సీమలు వచ్చినవి. శ్రీకాకుళము, సింహాచలము, రాజమహేంద్రవరము. ఆయన దాటిన గోదావరికి ఆనకట్ట లేదు. ధవళేశ్వరములో పని ప్రారంభమైనది 1847లో. కృష్ణకును ఆనకట్ట లేదు. ఆ రెండు నదుల నీరు సముద్రములో కలియుచుండగా, గట్టుమీది రైతు ఆకాశము వంక చూచుచుండిన కాలము. కృష్ణ దాటి నెల్లూరు మీదుగా ఆయన ఇల్లు చేరినది ఖరనామ సంవత్సరము. మరుసటి నందన సంవత్సరము వానలు లేవు. 1832–33 నాటి గుంటూరు కరువులో లక్షకు మించి జనులు మరణించినారు. దారులవెంట శవములు పడి ఉన్నవని, పల్లెలు పాడుపడినవని ఆ కరువును చూచినవారి మాట. ఆ సీమలోని ఊళ్ళను గురించి వీరాస్వామయ్యగారు వ్రాసిన పొడిపొడి వాక్యములను ఈ సంగతి తెలిసి చదువుట కష్టము. ఇక్కడ ఇన్ని ఇండ్లు, ఇక్కడ అంగళ్ళు, ఇక్కడ మంచినీళ్ళు. కరువు రాకమునుపు ఆ ఇండ్ల ముందు ఆగి, ఆ బావుల నీరు త్రాగి, కాగితముమీద పెట్టిన బాటసారి ఆయన.

గ్రంథము అచ్చైనది 1838లో, శ్రీనివాసపిళ్ళగారి పూనికవలన. వీరాస్వామయ్యగారు 1836లోనే కాలధర్మము చెందినారు. తన పుస్తకమును కంట చూడలేదు. అందలి భాష ఆనాటి చెన్నపట్టణపు వాడుక తెలుగు. హిందూస్థానీ, అరవము, ఇంగ్లీషు మాటలు ఎక్కడ అవసరమైతే అక్కడ వచ్చి కూర్చున్నవి. వ్యావహారికము కావలెనని గిడుగు రామమూర్తిపంతులుగారు వాదము ప్రారంభించుటకు ఎన్నో దశాబ్దములకు ముందే ఒక ద్విభాషి, ఎవరి అనుమతియు అడుగక, మాటలాడినట్లే వ్రాసి పెట్టినారు. 1869లో రెండవ కూర్పు వచ్చినది. తరువాత చాలకాలము ఎవరికిని పట్టలేదు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమపడి, పీఠికతో బెజవాడ నుండి మూడవ కూర్పు ప్రకటించినారు. దక్షిణదేశమున మొదటి రైలుబండి కదలినది 1856లో. శివరావుగారి నాటికి మజిలీలన్నియు స్టేషనులై ఎంతో కాలమైనది. ఆ బాట వెంట బండి ఆగని ఊళ్ళ పేర్లు ఇప్పటికిని ఈ పుస్తకములో వరుసగా ఉన్నవి, కోసుల లెక్కతో సహా.