మద్యపాన వ్యసనం

మద్యపాన వ్యసనం అనగా మద్యం వలన తనకూ, తన కుటుంబానికీ హాని కలుగుతున్నదని తెలిసి కూడా త్రాగుడు మానలేని స్థితి. ఇది ఒక్క రోజులో వచ్చేది కాదు. సరదాగా మొదలైన అలవాటు కొన్ని సంవత్సరాలలో అవసరంగా మారుతుంది. క్రమంగా మనిషి దినచర్య, మాటతీరు, బంధుత్వాలు అన్నీ ఆ అవసరం చుట్టూ తిరగటం మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో మద్యంపై ఆధారపడటాన్ని వ్యాధిగా గుర్తించారు.

మద్యం త్రాగేవారందరూ వ్యసనపరులు కారు. భారత ప్రభుత్వం 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుండి 75 సంవత్సరాల మధ్య వయస్సు వారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది, మద్యం త్రాగుతున్నారు. వీరిలో సుమారు 5.7 కోట్ల మందికి త్రాగుడు హానికరంగానో, వ్యసనంగానో మారినది.

పేరు, భావన

మన సంప్రదాయంలో చెప్పే సప్త వ్యసనాలలో పానం ఒకటి. జూదం, వేట మొదలైన వాటి సరసన దానిని చేర్చటం వలన అది నడవడికి సంబంధించిన దోషంగానే లెక్కకు వచ్చింది. త్రాగుబోతు అనే తెలుగు మాటలో కూడా నింద తప్ప జబ్బు అన్న ధ్వని లేదు.

వైద్యులు దీనిని వేరుగా చూడటం పద్దెనిమిదవ శతాబ్దం చివర మొదలైనది. స్కాట్లండుకు చెందిన నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ 1804లో ప్రచురించిన గ్రంథంలో త్రాగుడు అలవాటును మనస్సుకు సంబంధించిన వ్యాధిగా పేర్కొన్నాడు. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హస్ 'ఆల్కహాలిజం' అనే పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. 1956లో అమెరికా వైద్య సంఘం దీనిని వ్యాధిగా అంగీకరించింది. ఇంత జరిగినా ఇప్పటికీ మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "వాడికి బుద్ధి లేదు" అన్నదే. వ్యసనపరుడి ప్రవర్తనలో ఏది స్వభావం, ఏది జబ్బు అన్నది తేల్చుకోలేకపోవటం వలననే చాలా కుటుంబాలు వైద్యుని వద్దకు ఆలస్యంగా వెళతాయి.

మెదడులో జరిగే మార్పులు

మెదడులోని కణాలను శాంతపరచే రసాయనం గాబా. ఉత్తేజపరచే రసాయనం గ్లుటమేట్. మద్యం మొదటిదాని పనిని పెంచి, రెండవదాని పనిని అణచివేస్తుంది. మత్తు, బెరుకు తగ్గటం, మాట తడబడటం, నిద్ర రావటం ఇందువలన కలిగేవే.

రోజూ మద్యం అందుతున్నపుడు మెదడు చేతులు ముడుచుకుని కూర్చోదు. తక్కెడలో ఒక పళ్ళెం మీద ప్రతిరోజూ బరువు పెడుతుంటే, మెదడు రెండవ పళ్ళెంలో అంతే బరువు వేసి ముల్లును నిటారుగా నిలుపుకుంటుంది. అందుకే మొదట్లో రెండు పెగ్గులకు కలిగిన మత్తు కొన్నాళ్ళకు నాలుగింటికి గాని కలగదు. దీనిని తాళుకునే శక్తి పెరగటం అంటారు. "ఎంత త్రాగినా మావాడు తొణకడు" అని స్నేహితులు మెచ్చుకునేది ఈ దశలోనే. నిజానికి అది ఆరోగ్యానికి గుర్తు కాదు, జబ్బుకు తొలి గుర్తు. మద్యాన్ని ఒక్కసారిగా తీసివేస్తే రెండవ పళ్ళెంలోని బరువు అలాగే మిగిలిపోయి తక్కెడ అటువైపు ఒరిగిపోతుంది. చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, నిద్రలేమి రూపంలో బయటపడేది అదే.

దీనికి తోడు, మద్యం మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలను పెంచుతుంది. సుఖం ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకోవటానికి ఈ రసాయనం ఉపకరిస్తుంది. అందువలన కొంతకాలానికి మద్యమే కాక, దానికి ముందు వచ్చే సంకేతాలు కూడా కోరికను రేపుతాయి. సాయంత్రం ఆరు గంటలు కావటం, వైన్ షాపు బోర్డు కనిపించటం, ఒక ఫలానా మిత్రుని ఫోను రావటం చాలు. అదే కాలంలో మంచిచెడులు ఆలోచించి నిగ్రహించే మెదడు ముందు భాగం బలహీనపడుతుంది.

వ్యసనం ముదిరే క్రమం

వ్యసనం దశలవారీగా ముదురుతుందన్న భావనను ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన ఇ. ఎం. జెలినెక్. 1952లో ఆయన నాలుగు దశలను వివరించాడు. మొదటిది ఒత్తిడి తీరటానికి త్రాగే దశ. రెండవ దశలో జ్ఞాపకం చెరగటం, చాటుగా త్రాగటం కనిపిస్తాయి. మూడవ దశలో మొదలుపెడితే ఆపలేని స్థితి వస్తుంది. నాలుగవది రోజుల తరబడి మత్తులో మునిగి ఉండే దశ. అయితే ఆయన తొలి పరిశీలన 98 మంది పురుషులు నింపి పంపిన ప్రశ్నావళిపై ఆధారపడినది. అందరూ ఈ వరుసలోనే నడుస్తారని తరువాతి పరిశోధకులు అంగీకరించలేదు. కొందరు మధ్యలోనే మానగలుగుతారు, కొందరు ఏళ్ళ తరబడి ఒకే దశలో ఉండిపోతారు.

1976లో బ్రిటన్ వైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, అమెరికాకు చెందిన మిల్టన్ గ్రాస్ కలిసి ఇచ్చిన వర్ణన ఇంతకన్న ఉపయోగకరమైనది. వారు చెప్పిన మొదటి లక్షణం త్రాగే తీరు ఇరుకు కావటం. మామూలుగా త్రాగేవాడు ఒకనాడు త్రాగుతాడు, మరొకనాడు మానుతాడు, పండుగకు ఒక విధంగా, పనిదినాన ఒక విధంగా ఉంటాడు. వ్యసనపరునికి అన్ని రోజులూ ఒకటే. అదే సమయం, అదే సరుకు, అదే కొలత. తరువాత మిగిలిన పనులన్నిటికన్న త్రాగుడు ముందుకు వస్తుంది. తాళుకునే శక్తి పెరగటం, మానినపుడు బాధలు కలగటం, ఆ బాధలు తీరటానికి మళ్ళీ త్రాగటం, త్రాగక తప్పదన్న భావన వరుసగా చేరతాయి. కొంతకాలం మాని తిరిగి ముట్టుకుంటే పాత స్థితి త్వరగా వచ్చివేయటం ఏడవ లక్షణం.

ఈ చివరి లక్షణానికి తెలుగునాట చక్కని ఉదాహరణ కలదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు మాల తీసిన కొద్దిరోజులకే పాత కొలతకు చేరుకుంటారు. దీక్ష బూటకమని దీని అర్థం కాదు. మానటం ఒక పని, మానిన తరువాత అలాగే ఉండటం మరొక పని. "నేను కావాలంటే మానగలను, కార్తీకమాసంలో మానలేదా?" అనే వాదన వ్యసనం లేదనటానికి ఋజువు కాజాలదు.

ప్రవర్తనలో మార్పులు

మొదట మారేది సమయపాలన. త్రాగటానికి వీలులేని శుభకార్యాలకు, ప్రయాణాలకు వెళ్ళకుండా సాకులు వెతకటం, వెళ్ళినా మధ్యలో మాయం కావటం జరుగుతుంది. తరువాత డబ్బు లెక్కలు తప్పుతాయి. సీసాలు బియ్యం డబ్బాలోకి, స్కూటర్ డిక్కీలోకి, మిద్దెమీద నీళ్ళ ట్యాంకు వెనుకకు చేరతాయి. ఎంత త్రాగావని అడిగితే సగం చెప్పటం అలవాటవుతుంది. ఇతర విషయాలలో నిజాయితీగా ఉండే మనిషి కూడా ఈ ఒక్క విషయంలో అబద్ధం ఆడతాడు. తన త్రాగుడుకు అడ్డు రాగలిగినవారిని దూరంగా ఉంచటమే ఆ అబద్ధం పని.

అయితే కుటుంబం అబద్ధమని భావించేది ప్రతిసారీ అబద్ధం కాదు. రక్తంలో మద్యం వేగంగా పెరిగినపుడు కొత్త జ్ఞాపకాలు నిలువచేసే మెదడు భాగం పనిచేయటం మానివేస్తుంది. ఆ సమయంలో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పోట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు. తెల్లవారి వాటిలో ఏదీ గుర్తుండదు. రాత్రి భార్యను కొట్టినవాడు ఉదయం "నేను కొట్టలేదు" అంటే అది నటన కావచ్చు, నిజంగా జ్ఞాపకం లేకపోవటమూ కావచ్చు. దీని వలన దెబ్బలు తిన్నవారి బాధ గాని, కొట్టినవాని బాధ్యత గాని తగ్గవు. కాని ఉదయం జరిగే వాదనలు ఎందుకు ఎటూ తేలవో దీనివలన అర్థమవుతుంది.

మత్తులో ఉన్నవాని దృష్టి కళ్ళ ముందున్న విషయానికే పరిమితమవుతుంది. ఎదుటివాడి ఒక్క మాట కనిపిస్తుంది గాని రేపటి పర్యవసానం కనిపించదు. అదే మనిషి ఒకచోట నవ్వి, మరొకచోట కత్తి పట్టటానికి కారణం ఇది. దీర్ఘకాలం త్రాగినవారిలో కొందరికి భార్యపై నిరాధారమైన అనుమానం బలపడుతుంది. ఆమె ఫోను, బట్టలు, రాకపోకలు వెతకటం మొదలవుతుంది. ఇది హత్యలకు దారితీయగల స్థితి కనుక మానసిక వైద్యుని సహాయం వెంటనే అవసరం.

ఇంట్లోవారి ప్రవర్తన కూడా మారుతుంది. భార్య ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని చెబుతుంది. తల్లి అప్పు తీరుస్తుంది. పిల్లలు మెట్లమీద అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించటం నేర్చుకుంటారు. వ్యసనపరుల కుటుంబీకుల కొరకు 1951లో అమెరికాలో అల్-అనాన్ అనే ప్రత్యేక సంఘం ఏర్పడింది.

చివరి దశలో తిండి తగ్గి, శరీరంలో థయమిన్ అనే విటమిన్ లోపించటం వలన మెదడు దెబ్బతింటుంది. ఈ స్థితిని 1881లో జర్మనీ వైద్యుడు వెర్నికే, 1887లో రష్యా వైద్యుడు కోర్సకోవ్ వేరువేరు కోణాలలో వర్ణించారు. ఇది ముదిరినవారు జ్ఞాపకంలోని ఖాళీలను జరగని సంగతులతో పూరించి, వాటిని నిజమనే నమ్ముతారు.

హఠాత్తుగా మానటం వలన ప్రమాదం

రోజూ అధికంగా త్రాగేవారు ఒక్కసారిగా మానటం ప్రమాదకరం. చివరి సారి త్రాగిన ఆరు నుండి ఎనిమిది గంటలలో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి తీవ్రమైన సన్నిపాతం వస్తుంది. లేని పురుగులు, మనుషులు కనబడటం, తానెక్కడున్నదీ తెలియకపోవటం, జ్వరం, రక్తపోటు పెరగటం దీని లక్షణాలు. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. ఇంట్లోవారు దీనిని దయ్యం పట్టటంగా భావించి భూతవైద్యుని వద్దకు తీసుకుపోయి విలువైన గంటలు పోగొట్టుకోవటం ఇప్పటికీ జరుగుతున్నది.

2020 మార్చి చివర కరోనా కారణంగా మద్యం దుకాణాలు మూతబడినపుడు హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగుల రాక ఒక్కసారిగా పెరిగింది. అదే సంవత్సరం జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ త్రాగి పదిమందికి పైగా మరణించారు. అంతకు ముందు 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కల్తీ కల్లు సరఫరా ఆగినపుడు కూడా అనేకులు వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైనారు. ఆ కల్లులో కలిపే డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు కూడా గాబా ద్వారానే పనిచేస్తాయి కనుక రెండింటి లక్షణాలు దగ్గరగా ఉంటాయి.

ఎవరికి వస్తుంది

వంశపారంపర్య ప్రభావం సుమారు సగం వరకు ఉంటుందని కవలలపైన, దత్తత పిల్లలపైన జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. మిగిలినది పరిసరాల ప్రభావం. చిన్న వయస్సులో మొదలుపెట్టటం, ఆందోళన, వ్యాకులత, సులభంగా సరుకు దొరకటం అవకాశాన్ని పెంచుతాయి. త్రాగుబోతు కొడుకు త్రాగుబోతే అవుతాడన్న నియమం లేదు.

మద్యనిషేధం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి 1997లో సడలింది. ఆ మహిళలు వ్యసనాన్ని వైద్య సమస్యగా గాక కూలి డబ్బు ఇంటికి చేరని సమస్యగా చూశారు. దుకాణం మూతబడితే కొత్తగా అలవాటు పడేవారు తగ్గవచ్చు. అప్పటికే వ్యసనంలో ఉన్నవానికి మాత్రం చికిత్స విడిగా కావాలి.

గుర్తించటం, చికిత్స

అమెరికా వైద్యుడు జాన్ ఈవింగ్ 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలను నేటికీ వాడుతున్నారు. త్రాగుడు తగ్గించాలని అనిపించిందా, దాని గురించి ఎవరైనా అంటే చిరాకు కలిగిందా, తప్పు చేస్తున్నానన్న భావం కలిగిందా, ఉదయం లేవగానే త్రాగవలసి వచ్చిందా అన్నవి అవి. రెండింటికి అవునని జవాబు వస్తే వైద్యుని సంప్రదించాలి.

చికిత్స మొదటి భాగం మద్యాన్ని సురక్షితంగా మాన్పించటం. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులను వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చి, కొద్దిరోజులలో తగ్గిస్తారు. థయమిన్ తప్పక ఇస్తారు. ఇది వారం, పదిరోజుల పని. అసలు చికిత్స ఆ తరువాతనే మొదలవుతుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ మందులు మళ్ళీ త్రాగుడులో పడే అవకాశాన్ని తగ్గిస్తాయి.

1948 నుండి వాడుకలో ఉన్న డైసల్ఫిరామ్ మరొక విధమైనది. దీనిని వేసుకున్నవారు మద్యం త్రాగితే వాంతులు, గుండెదడ, ఊపిరాడకపోవటం కలుగుతాయి. రోగికి తెలిసి, అతని అంగీకారంతో మాత్రమే ఇవ్వవలసిన మందు ఇది. "తెలియకుండా అన్నంలో కలిపి త్రాగుడు మాన్పించండి" అనే ప్రకటనలు మన గోడలమీద, పత్రికలలో కనబడుతుంటాయి. ఇటువంటి మందును రహస్యంగా పెడితే రోగి మామూలుగానే త్రాగి ప్రాణాపాయంలో పడవచ్చు.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘం భారతదేశంలో కూడా సమావేశాలు జరుపుతున్నది. దీనిలో మానినవారే మానాలనుకునేవారికి తోడుగా నిలుస్తారు. 2019 సర్వే ప్రకారం దేశంలో మద్యంపై ఆధారపడినవారిలో ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినది. కేంద్ర ప్రభుత్వం నడిపే వ్యసన విముక్తి సహాయ కేంద్రం ఉచిత ఫోను సంఖ్య 14446. మానిన తరువాత మొదటి సంవత్సరంలో మళ్ళీ త్రాగటం చాలామందిలో జరుగుతుంది. వైద్యులు దానిని చికిత్స విఫలమైనట్లుగా గాక, మధుమేహంలో చక్కెర మళ్ళీ పెరగటం వలె చూసి, చికిత్సను కొనసాగిస్తారు.