పళ్ల వెనక క్లిప్పులు: కొత్తగా వేయించాక బ్రాకెట్ వదులైతే ఏం చేయాలి?

పళ్లకు క్లిప్పులు అనగానే నవ్వినప్పుడు మెరిసే స్టీలు బిళ్లలు, వాటి మీదుగా సాగే తీగ గుర్తుకొస్తాయి. అదే ఏర్పాటు పళ్ల వెనకవైపు, నాలుక తగిలే పక్కన చేస్తే లింగ్వల్ బ్రేసెస్ అంటారు. బయటికి కనబడవు కాబట్టి పెళ్లి కుదరబోయే అమ్మాయిలు, ఉద్యోగాలకు తిరిగే అబ్బాయిలు వీటి గురించి అడుగుతున్నారు. మామూలు క్లిప్పుల కంటే వీటి ఖర్చు చాలా ఎక్కువ. అంత డబ్బు పోసి వేయించుకున్నాక పది రోజులు కూడా గడవకుండానే ఒక బిళ్ల కదులుతుంటే ఇంట్లో అందరికీ గుండె గుభేలుమంటుంది. మొదటి వారాల్లో ఇలా జరగడం అరుదేమీ కాదు, సరిచేయలేనిదీ కాదు. కాకపోతే ఇంట్లో చేసే ఒకటి రెండు పొరపాట్లు దాన్ని పెద్ద ఖర్చుగా మారుస్తాయి.

ఈ పద్ధతి 1970ల నాటిది. అమెరికాలో డాక్టర్ క్రేవెన్ కర్జ్, జపాన్‌లో డాక్టర్ కిన్యా ఫుజిటా ఎవరికి వారుగా దీన్ని మొదలుపెట్టారు. కరాటే లాంటి ఆటలాడేవాళ్లకు దెబ్బ తగిలినప్పుడు ముందున్న క్లిప్పులు పెదవిని చీల్చకూడదన్నది ఫుజిటా ఆలోచన. ఆ తర్వాత జర్మనీ డాక్టర్ డిర్క్ వీచ్‌మన్ ప్రతి మనిషికీ, ప్రతి పంటికీ కంప్యూటర్‌తో విడిగా కొలిచి బ్రాకెట్లు చేయించే పద్ధతి తెచ్చారు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి, బ్రాకెట్ ఊడినప్పుడు దీనితోనే పని పడుతుంది.

నిజంగా వదులైందా?

క్లిప్పులు వేసిన తర్వాత పన్ను కొద్దిగా కదలడం మామూలే, పన్ను జరగడానికే కదా ఇదంతా. పన్నూ బిళ్లా కలిసి కదులుతుంటే భయం లేదు. పన్ను నిలిచి ఉండి బిళ్ల మాత్రం ఊగుతుంటే అతుకు వదిలిందని అర్థం. చేతులు శుభ్రంగా కడుక్కుని, దూది పుల్లతో మెల్లగా తాకి చూస్తే తెలిసిపోతుంది. వేలితో గుంజి చూడొద్దు. ఇంకో తేడా కూడా ఉంది. కొన్నిసార్లు బిళ్ల గట్టిగానే ఉంటుంది, దాన్ని తీగకు కట్టిన చిన్న రబ్బరు గానీ సన్న తీగ గానీ ఊడుతుంది. దాన్ని చూసి చాలామంది బ్రాకెట్ ఊడిందనుకుంటారు. అది క్లినిక్‌లో కొన్ని నిమిషాల పని.

చిన్న అద్దం పెట్టుకుని, ఫోన్ ఫ్లాష్ వేసి ఫోటో తీసి క్లినిక్‌కు వాట్సాప్‌లో పంపితే సగం పని అయినట్టే. ఏ పన్నో కూడా చెప్పాలి. పైదా కిందిదా, కుడా ఎడమా, ముందు మధ్య గీత నుంచి లెక్కపెడితే ఎన్నోది. ‘వెనక ఏదో ఊడింది డాక్టర్ సాబ్’ అని చెబితే ఫోన్‌లో ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎందుకు ఊడుతుంది?

పంటిని యాసిడ్ జెల్‌తో కొద్దిగా గరుకు చేసి, కడిగి, ఆరబెట్టి, రెసిన్ అనే జిగురుతో బిళ్లను అతికించి, నీలి లైటుతో గట్టిపరుస్తారు. ఆ కొద్ది క్షణాల్లో ఉమ్మి తడి తగిలినా అతుకు బలహీనమవుతుంది. నాలుక పక్కన, ముఖ్యంగా కింది పళ్ల వెనక, తడి ఆపడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఊడిన ప్రతిసారీ పిల్లలదే తప్పని తిట్టడం న్యాయం కాదు.

రెండో కారణం పళ్లు కలిసే తీరు. పై ముందు పళ్లు కింది పళ్లను బాగా కప్పేస్తుంటే, నోరు మూసిన ప్రతిసారీ కింది పళ్ల అంచులు పై బిళ్లలనే కొడతాయి. అందుకే కొందరికి వెనక పళ్ల మీద చిన్న మెత్తలాంటిది వేసి, నోరు పూర్తిగా మూసుకోకుండా చేస్తారు. అది అరిగినా, ఊడినా ముందు బిళ్లలకు దెబ్బే, వెంటనే చెప్పాలి. పంటి మీద పెద్ద ఫిల్లింగ్ గానీ, క్యాప్ గానీ ఉంటే జిగురు సరిగా పట్టదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో పెరిగిన పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలుంటాయి, అలాంటి పంటికి కూడా అతుకు అంత బాగా నిలవకపోవచ్చు. వేయించుకునే ముందే ఈ మాట డాక్టర్‌ను అడగాలి.

ఇక తిండి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, ఆ చుట్టుపక్కల చెరకు గడ పళ్లతో ఒలిచి నమిలే అలవాటు మూతపడలేదు. క్లిప్పులున్నవాళ్లు గడ జోలికి పోకూడదు, రసం తాగొచ్చు. తాగాక నీళ్లతో పుక్కిలించాలి. కాల్చిన మక్క కంకిని పళ్లతో కొరకొద్దు, గింజలు ఉడికించి తినొచ్చు. సకినాలు, ఐస్ ముక్కలు, సుపారీ, దావత్‌లో నల్లి బొక్కలు కొరకడం, ఇవన్నీ పక్కన పెట్టాల్సినవే. ఖర్జూరం గింజ తీసి, ముక్కలు చేసి తింటే చాలు. కిచిడీ, ఖట్టా, హలీం, పెరుగన్నం వీటితో ఏ ఇబ్బందీ లేదు. మొదటి రెండు మూడు రోజులు ఎలాగూ మెత్తటివే తినగలుగుతారు.

ఊడినప్పుడు

బిళ్ల పంటిని వదిలి తీగకు మాత్రం అంటుకుని ఉంటే, దాన్ని అక్కడే ఉంచడం మేలు. దూదితో తడి అద్ది, శనగగింజంత ఆర్థోడాంటిక్ మైనం ముద్ద చేసి దాని మీద ఒత్తితే నాలుకకు గుచ్చుకోదు, ఊగడం కూడా తగ్గుతుంది. క్లిప్పులు వేసిన రోజే ఈ మైనం డబ్బీ అడిగి తెచ్చుకోవాలి. తినే ముందు తీసేసి, తిన్నాక కొత్తది పెట్టాలి. పొరపాటున మైనం మింగినా భయం లేదు.

బిళ్ల చివరి పన్నుదై, తీగ మీద నుంచి జారి ఊడేలా ఉంటే నిద్రలో మింగే ప్రమాదం ఉంది. సులువుగా చేతికి వస్తే తీసేయాలి. రాకపోతే గుంజవద్దు, మిగతా బిళ్లలూ వదులవుతాయి. ఆ రోజే ఎవరైనా పళ్ల డాక్టర్‌కు చూపించాలి. తీగ కొస గుచ్చుకుంటుంటే దూది పుల్లతో మెల్లగా పంటి వైపు వంచి మైనం పెట్టాలి. వెనక పక్కన సరిగా కనబడదు, కాబట్టి ఇంట్లో గోళ్ల కత్తెరతో తీగ కత్తిరించే సాహసం వద్దు. తెగిన ముక్క గొంతులోకి జారితే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

ఫెవిక్విక్ లాంటి జిగురుతో అతికించే ప్రయత్నం అస్సలు చేయకూడదు. అది నోట్లో వాడేది కాదు. పైగా బిళ్ల అడుగున గట్టిపడి, డాక్టర్ మళ్లీ అతికించడానికి పనికి రాకుండా చేస్తుంది.

బిళ్ల పూర్తిగా చేతికొస్తే పారేయకూడదు. మామూలు క్లిప్పుల్లో ఒకటి పోతే డాక్టర్ డబ్బాలో ఇంకొకటి ఉంటుంది. లింగ్వల్‌లో, ముఖ్యంగా కొలిచి చేయించినవాటిలో, ఆ బిళ్ల ఆ ఒక్క పంటికే చేసింది. ఉంటే శుభ్రం చేసి మళ్లీ అదే అతికిస్తారు. పోతే ల్యాబ్‌కు కొత్తగా ఆర్డర్ పెట్టాలి, డబ్బులూ పోతాయి, వారాలూ పోతాయి. నీళ్లతో కడిగి, మూత ఉన్న చిన్న డబ్బాలో వేసి, మీద తేదీ, పన్ను ఏదో రాసిపెట్టాలి. టిష్యూ పేపర్‌లో చుట్టి పెట్టినవి చెత్తబుట్టలోకే పోతాయి.

మింగేస్తే? చాలావరకు కొద్ది రోజుల్లో మలంతో పాటు బయటికి వెళ్లిపోతుంది. అయినా డాక్టర్‌కు చెప్పాలి. కడుపు నొప్పి, వాంతులు, రక్తం కనబడితే ఆస్పత్రికి వెళ్లాలి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఈల లాంటి శబ్దం వచ్చినా బిళ్ల శ్వాసనాళంలోకి పోయి ఉండొచ్చు. అప్పుడు క్లినిక్‌కు కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో?

బోధన్ నుంచి నిజామాబాద్ బస్సులో గంట పని. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ కామారెడ్డి మీదుగా 175 కిలోమీటర్ల దాకా ఉంటుంది. లింగ్వల్ హైదరాబాద్‌లో వేయించుకున్నవాళ్లకు ప్రతి చిన్న బిళ్లకూ ఒక రోజు కూలీ, ఇద్దరి బస్ ఛార్జీలు పోతాయి. ఊళ్లోని పళ్ల డాక్టర్ దగ్గరే అతికించుకుందామనిపించడం సహజం. అయితే అందులో కొంత విషయం ఉంది. గుచ్చుకునే తీగ కత్తిరించడం, వేలాడే బిళ్ల తీయడం బీడీఎస్ డాక్టర్ చేయగలరు. మళ్లీ అతికించడం మాత్రం వేసిన ఆర్థోడాంటిస్ట్, అంటే ఈ విభాగంలో ఎండీఎస్ చేసినవారే చేస్తే మంచిది. బిళ్ల పంటి మీద కొద్దిగా పక్కకు పడినా పన్ను అటే తిరుగుతుంది. నిజామాబాద్ శివారు మల్లారంలో మేఘన దంత వైద్య కళాశాల, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. వెళ్లే ముందు లింగ్వల్ కేసు చూస్తారా అని ఫోన్‌లో కనుక్కోవడం మంచిది.

నొప్పి, గుచ్చుకోవడం లేకపోతే అర్ధరాత్రి పరుగెత్తాల్సిన పని లేదు. అలాగని వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగడమూ సరికాదు. బిళ్ల లేని పన్ను తీగ మాట వినదు, జరిగిన చోటు నుంచి వెనక్కి వస్తుంది, చికిత్స నెలలు పెరుగుతాయి. వారం లోపల చూపించుకోవాలి. ఊడిన బిళ్ల అతికించడానికి విడిగా డబ్బులు తీసుకుంటారా, ఎన్నిసార్ల దాకా ఉచితం, కొత్త బిళ్ల ఖర్చు ఎవరిది? ఈ మూడూ మొదటి రోజే కాగితం మీద రాయించుకోవాలి.

రంజాన్‌లో ఊడితే ఇఫ్తార్ తర్వాత సమయం ముందే మాట్లాడుకోవడం సులువు. ఈ పనిలో నోట్లో నీళ్లు కొడతారు, పీల్చే గొట్టం పెడతారు. పగటిపూట తప్పనిసరైతే రోజా విషయం ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. మిస్వాక్ వాడేవాళ్లు ముందు వైపు, చిగుళ్ల మీద మెల్లగా వాడొచ్చు. దాని పీచు వెనక బిళ్లల మధ్యకు పోదు కాబట్టి, అక్కడికి చిన్న తల బ్రష్షు, సందుల బ్రష్షు తప్పవు. కొత్తలో స, జ లాంటి పలుకులు తడబడతాయి, ఖుర్‌ఆన్ చదివే పిల్లలు దీనికి కంగారు పడతారు. గట్టిగా చదువుతూ ఉంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాలుక ఒరుసుకుని పుండైతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి.

చికిత్స మధ్యలో గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఈ జిల్లాలో తక్కువేమీ కాదు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో బిళ్ల ఊడితే, అక్కడి డాక్టర్‌కు ఇది ఏ కంపెనీది, ఏ తీగ వేశారు అన్నది తెలియాలి. వీసా వచ్చిందని తెలిసిన వెంటనే డాక్టర్‌కు చెప్పి, కేసు కాగితాలు, ఎక్స్‌రేలు, కంపెనీ పేరు, ల్యాబ్ ఆర్డర్ నంబరు తీసుకోవాలి. వాటి ఫోటోలు ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచాలి. మైనం డబ్బీ, ఊడిన బిళ్ల ఉంటే దాని డబ్బా విమానంలో పెద్ద సూట్‌కేసులో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.