రోడ్డు దాటితే వేరే రాజ్యం

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ పక్కనే బడీచౌడీలో మూడేళ్లు కిరాయికి ఉన్నాను. తెల్లారకముందే కూరగాయల బండ్లు దిగేవి. పదకొండింటికల్లా గాజులు, స్టీలు సామాన్లు, జాకెట్ ముక్కల మధ్య మనిషి పట్టేంత దారే మిగిలేది. "అక్కా, చూసి పోండి" అని తెలుగులో మొదలైన పిలుపు, ఎదుటివారి ముఖం చూసి హిందీలోకో మరాఠీలోకో తిరిగేది. ఆ గుంపులో పడి నడిచే వాళ్లలో ఎందరికి తెలుసో కానీ, ఒకప్పుడు ఈ గల్లీల్లో నిజాం పాలన సాగేది కాదు.

దానికి కారణం ఎదురుగానే ఉంది. మూసీకి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టిన కోఠీ. ఈ ప్రాంతానికి కోఠి అన్న పేరు దాన్నుంచే వచ్చింది. ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. అతను పెళ్లాడిన ఖైరున్నీసా కోసం వెనకాల రంగమహల్ ఉండేది. 1857 తిరుగుబాటులో, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ తమ మనుషులతో ఈ కోఠీ మీదికే దూకారు. 1949 నుంచి ఈ ఆవరణలో ఆడపిల్లల చదువు నడుస్తోంది.

కోఠీ చుట్టూ పెరిగిన బజారుకు రెసిడెన్సీ బజార్ అని పేరు. ఇక్కడ చెల్లింది బ్రిటిష్ వారి అధికారం. రోడ్డు దాటితే నిజాం రాజ్యం, ఇటు వస్తే కంపెనీ వారిది, తర్వాత వైస్రాయ్‌ది. పరాయి పాలన కింద ఉన్న ఈ కాస్త జాగాలోనే తెలుగు నిలదొక్కుకుంది. నాకు ఈ బజారు మీద మమకారం అందుకే.

1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు వెనకున్నారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. కచేరీలో, కోర్టులో నడిచేది ఉర్దూ. అలాంటి చోట తెలుగు పుస్తకాలకు ఒక గది దొరకడమంటే, ఊళ్లనుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు తమ మాటకూ విలువుందని తెలియడం. కొమర్రాజువారి పుస్తక ప్రచురణ సంస్థ విజ్ఞాన చంద్రికా మండలి కూడా 1906లో ఈ నగరంలోనే పుట్టి తర్వాత మద్రాసు వెళ్లింది. నిలయానికి 1921లో సొంత భవనం వచ్చింది.

ఆ ఏడాదే నవంబర్‌లో, వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలన్నిటినీ సభ ఓపిగ్గా విన్నది. వకీలు ఆలంపల్లి వెంకట రామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి గోల, ఈలలు, చప్పట్లు. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. సంస్కరణ కోరి వచ్చిన చదువుకున్నవారే అలా చేశారన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూడారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు అందులో ఉన్నారు. ఆంధ్ర జన సంఘం అక్కడే పుట్టింది. అదే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయింది.

1933లో బజారు తిరిగి నిజాం చేతికి వచ్చింది. రెసిడెన్సీ బజార్ సుల్తాన్ బజార్ అయింది. తర్వాత బజారు మీదుగా మెట్రో మార్గం వచ్చినప్పుడు దుకాణదారులు గట్టిగా కొట్లాడారు. 2020 ఫిబ్రవరి నుంచి రైళ్లు తిరుగుతున్నాయి, బజారు వాటి కింద అలాగే ఉంది.

ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు రాత్రి ఆ దారిన ఊరికే తిరిగాను. షట్టర్లు సగం దిగాయి. పైన ఆఖరి మెట్రో వెళ్లిపోయింది. భాషా నిలయం నుంచి నాలుగడుగులు నడిస్తే, గాజులు సర్దుకుంటున్న ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఆ రోజు బేరాల లెక్క చెప్పుకుంటున్నారు, తెలుగులో, గట్టిగా.