లక్ష రూపాయల గీత

పాతికేళ్ల కిందట చిక్కడపల్లిలో, నారాయణగూడలో, అశోక్‌నగర్‌లో యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న దంపతులు రాత్రి భోజనాలయ్యాక ఒక లెక్క వేసుకునేవారు. పిల్లాడి ఇంజనీరింగ్ ఇంకా రెండేళ్లు, అమ్మాయి పెళ్లి మహా అయితే మూడేళ్లు, ఇంటి లోను ఇంకా ఇంత. చేతిలో ఉన్నది ఇంత. దీని మీద నెలకు ఎంతొస్తుంది? ఆ ప్రశ్న చుట్టూ 2000 నుంచి 2004 దాకా మన పేటల్లో జరిగింది ఎవరైనా రాస్తే బాగుండునని అనుకునేదాన్ని. ఎవరూ రాయలేదు, నేనే రాస్తున్నాను. బీరువాలో పట్టుచీరల మడతల్లో దాచుకున్న డిపాజిట్ రసీదుల చరిత్ర కదా, మనం రాయకపోతే ఎవరు రాస్తారు!

ముందు వడ్డీల సంగతి. 1986 నుంచి పీపీఎఫ్ మీద 12 శాతం వచ్చేది. పదమూడేళ్లకు పైగా కదలని అంకె అది. దాన్ని నమ్ముకునే అందరూ లెక్కలు వేసుకున్నారు. 2000 జనవరిలో అది 11 అయింది. 2001 మార్చికి 9.5, మరుసటి ఏడాది 9, 2003 మార్చికి 8. బ్యాంకు డిపాజిట్లూ అదే దారి పట్టాయి. అంటే మూడేళ్లలో నెల ఖర్చుకొచ్చే వడ్డీలో మూడో వంతు ఎగిరిపోయింది. పాలవాడు మాత్రం రేటు తగ్గించలేదు.

సరిగ్గా అప్పుడే, 2000 చివర్లో, ప్రభుత్వ రంగ బ్యాంకులు వీఆర్ఎస్ తెచ్చాయి. దేశం మొత్తం మీద లక్ష మంది దాకా ఉద్యోగం వదిలేశారు. మన పేటల్లో బ్యాంకు ఉద్యోగుల ఇళ్లకు కొదవ లేదు కదా. యాభై ఏళ్లకే ఇంట్లో కూర్చున్న మగవాళ్లు, జీవితంలో మొదటిసారి ఒకేసారి చేతికొచ్చిన లక్షలు, పడిపోతున్న వడ్డీలు. ఈ మూడూ కలిసిన చోట సహకార అర్బన్ బ్యాంకు బోర్డు కనిపించింది. అక్కడ ఒకటో రెండో శాతం ఎక్కువ ఇచ్చేవారు. లోపలికి వెళితే మేనేజరు పేరు పెట్టి పలకరించేవాడు, కుర్చీ వేయించేవాడు, కాఫీ తెప్పించేవాడు. పెద్ద బ్యాంకులో టోకెన్ పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఆ మర్యాద ఎంత రుచిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అత్యాశకు పోయారని తర్వాత చాలామంది తేలిగ్గా అనేశారు. నేను ఒప్పుకోను. అమ్మాయి పెళ్లికి తరిగిపోయిన వడ్డీని పూడ్చుకోవాలనుకోవడం అత్యాశ ఎలా అవుతుంది?

ఈ బ్యాంకులకు ఇద్దరు యజమానుల్లాంటి ఏర్పాటు ఉండేది. 1966 నుంచి బ్యాంకింగ్ వ్యవహారం రిజర్వు బ్యాంకు చూసేది. పాలకవర్గం, ఎన్నికలు, ఆడిట్ రాష్ట్ర సహకార శాఖ రిజిస్ట్రార్ చేతిలో ఉండేవి. ఇద్దరు వండిన కూరలో ఉప్పు సంగతి మనకు తెలిసిందే. డైరెక్టర్లకూ వాళ్ల బంధువులకూ అప్పులివ్వకూడదని పూర్తిగా కట్టడి చేసింది 2003లో, అంటే ఇల్లు కాలాక.

2001 మార్చిలో అహ్మదాబాద్‌లో మాధవపురా మర్కంటైల్ సహకార బ్యాంకు కూలింది. అది గుజరాత్ గొడవ, షేర్ మార్కెట్ గొడవ అనుకున్నాం. ఆగస్టులో మన జంట నగరాల్లో కృషి బ్యాంకు మూతపడింది. 2002లో చార్మినార్ బ్యాంకు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే పేపర్ల బల్ల దగ్గర మగవాళ్లు గుమిగూడేవారు. ఆడవాళ్లకు కబురు కూరల బండి దగ్గర తెలిసేది. మన డబ్బు ఏ బ్యాంకులో ఉందో ఆ రోజు దాకా అడగని ఇల్లాళ్లు ఎందరో.

అప్పుడే అందరి నోటా 'లక్ష' అన్న మాట మొదలైంది. బ్యాంకు మునిగితే మనిషికి లక్ష రూపాయల దాకా ఇన్సూరెన్సు వస్తుందన్నమాట. దీనికో కథ ఉంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి గగ్గోలైతే, 1961లో చట్టం చేసి, 1962 జనవరి 1న డిపాజిట్ ఇన్సూరెన్సు సంస్థ మొదలుపెట్టారు. అప్పటి హద్దు 1,500 రూపాయలు. 1968లో 5,000, 1970లో 10,000, 1976లో 20,000, 1980లో 30,000, 1993 మే 1 నుంచి లక్ష. సహకార బ్యాంకులను కూడా ఇందులోకి తెచ్చే సవరణ 1968లో చేశారు. ఆ సవరణే లేకపోతే మన వాళ్లకు ఆ లక్ష కూడా లేదు.

లక్ష అంటే ఎవరికి, దేనికి? ఇక్కడే చాలా ఇళ్లు చిక్కుకున్నాయి. మా వెనక వాటాలో ఉండే పిన్నిగారి సంగతి చెబుతాను. బాబాయిగారు వీఆర్ఎస్ డబ్బులో మూడు లక్షలు ఒక సహకార బ్యాంకులో వేశారు. లక్షకొకటి చొప్పున మూడు రసీదులు. మూడు రసీదులు, మూడు లక్షల ఇన్సూరెన్సు, భయం లేదు అనుకున్నారు. అదే బ్యాంకులో పిన్నిగారి పేరు మీద 80 వేలు విడిగా ఉంది. ఆవిడకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం అమ్మిన డబ్బు. ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు, 'మీ పిన్ని చిల్లర' అనేవారు బాబాయిగారు.

బ్యాంకు మునిగింది. రసీదులు ఎన్నన్నది కాదు, ఎన్ని బ్రాంచీలన్నది కూడా కాదు. ఒక బ్యాంకులో ఒక మనిషి సొంత పేరు మీద ఉన్న అసలూ వడ్డీ అంతా కలిపి ఒకటే లక్ష. మూడు రసీదులకీ కలిపి బాబాయిగారికి లక్ష వచ్చింది. పిన్నిగారి చిల్లర వడ్డీతో సహా మొత్తం వచ్చింది. అదీ వెంటనే కాదు. లైసెన్సు రద్దు కావాలి, లిక్విడేటర్ రావాలి, జాబితా తయారు కావాలి. మూడేళ్లు దాటింది. అమ్మాయి పెళ్లి ఆ మధ్యలోనే చేశారు, పిన్నిగారి గాజులతో.

తర్వాత మా సందులో ఒక మార్పు చూశాను. ఆడవాళ్లు పేర్లు అడగడం మొదలుపెట్టారు. 'ఎంత వేశారు' అని కాదు, 'ఎవరి పేరు మీద వేశారు' అని. పోస్టాఫీసు ఆర్డీ కట్టించుకునే ఏజెంటు ఆవిడకు గిరాకీ పెరిగింది. 1972లో వచ్చిన మహిళా ప్రధాన్ పథకం కింద ఆడవాళ్లకే ఇచ్చే ఏజెన్సీ అది, కమీషను నూటికి నాలుగు. పోస్టాఫీసు సొమ్ముకు ప్రభుత్వమే హామీ కాబట్టి అక్కడ లక్ష గీత లేదు. 2004 ఆగస్టులో 9 శాతం వడ్డీతో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం వచ్చింది, కానీ అది అరవై దాటినవాళ్లకి. ఉద్యోగం వదిలినవాళ్లకి యాభై అయిదుకే అన్నారు గానీ, డబ్బు అందిన కొద్ది రోజుల్లోనే కట్టాలి. 2001లో యాభై ఏళ్లున్నవాళ్లకి పదేళ్లు ఆగడం తప్ప దారి లేకపోయింది.

ఇక ఆ లక్ష గీత 1993 నుంచి ఇరవై ఏడేళ్లు కదల్లేదు. మనకు తెలిసిన కొలతతో చెబుతాను. 1993లో పది గ్రాముల బంగారం నాలుగు వేల పైచిలుకు. 2020 మొదట్లో నలభై వేలు దాటింది. మొదట్లో ఇరవై తులాల పైన కొనగల హామీ చివరికి రెండున్నర తులాలకు దిగింది. 2019 సెప్టెంబరులో ముంబై పీఎంసీ బ్యాంకులో ఖాతాదారుకు మొదట వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. ఆ గొడవ తర్వాతే, 2020 ఫిబ్రవరి 4 నుంచి, హద్దు 5 లక్షలైంది. సహకార బ్యాంకుల మీద రిజర్వు బ్యాంకు పట్టు కూడా ఆ ఏడాదే పెంచారు. 2021 సవరణతో, బ్యాంకు మీద ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో ఇన్సూరెన్సు డబ్బు ఇవ్వాలన్నారు. పిన్నిగారి మూడేళ్లు ఇప్పుడు మూడు నెలలు.

ఆవిడకు ఇప్పుడు డెబ్బై దాటాయి. 5 లక్షల వార్త వచ్చిన వారంలోనే బ్యాంకుకు వెళ్లి వచ్చారు. జాయింటు ఖాతా సొంత ఖాతాతో కలవదని, అందులో పేర్ల వరస మారితే దాన్ని కూడా వేరుగానే లెక్కేస్తారని ఎక్కడో చదివారట. ఇప్పుడు బాబాయిగారి పేరు ముందున్న ఖాతా ఒకటి, ఆవిడ పేరు ముందున్నది ఒకటి, ఆవిడ ఒక్కరి పేరు మీద ఒకటి. మూడో పాస్‌బుక్కు అట్ట మీద పెన్నుతో 'చిల్లర' అని రాసుకున్నారు.