తార్నాక నుండి తారాజన్మస్థానములకు

హైదరాబాదు నగరమందలి తార్నాక యను పేరులోని ‘తార్’ ఉర్దూలో తీగ, ‘నాకా’ కావలిచోటు. తీగకంచె కట్టిన కావలియొద్ద వెలసిన పేట గనుక ఆ పేరు నిలిచినదని పెద్దలు చెప్పుదురు. తెలుగు చెవికి మాత్రము అందు తారయే వినవచ్చును. ఆ పేట నానుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు ఆకాశమునుగూర్చి చేసిన కృషిని తలచుకొన్నచో, ఆ వినికిడి యంత పొరపాటు కాదని నాకు తోచును.

ఆ కృషికి మూలపురుషుడు నవాబు జాఫర్ జంగ్. ఆయన 1901లో స్వంత ధనము వెచ్చించి, గ్రబ్ వారి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పెను. 1908లో అది నిజాము ప్రభుత్వము చేతికి వచ్చి, బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియాలో అంతర్భాగమైనది. ప్రపంచమందలి పలు వేధశాలలు ఆకాశమును పంచుకొని ఛాయాచిత్రములు తీసిన ఒక మహోద్యమమున, దక్షిణ ఖగోళపు 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల పట్టీ హైదరాబాదు వంతు వచ్చినది. టి. పి. భాస్కరశాస్త్రిగారి ఆధ్వర్యవమున, లక్షలకొలది నక్షత్రముల స్థానములు ఒక్కొక్కటిగా కొలువబడి గ్రంథస్థములైనవి. ఇంతటి ఓర్పుగల పని మన నగరమున మరి యే శాస్త్రమునందును జరిగియుండదని నా నమ్మకము.

1959లో విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రశాఖ ఏర్పడినది. 1964లో దానికి ఉన్నతాధ్యయన కేంద్రమను గౌరవము లభించినది. 1968లో జాపాల–రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని నిలిచినది. ఆ దశకముననే సాలెహ్ మొహమ్మద్ అల్లాదీన్‌గారు, రెండు నక్షత్రవీథులు ఒకదాని నొకటి ఒరసికొని పోవునపుడు వానియందలి నక్షత్రముల గతి ఎట్లు కలతపడునో గణితముచే నిరూపింప బూనిరి. అట్టి సంఘర్షణములందు వాయుమేఘములు ఒకచోటికి త్రోయబడి, నక్షత్రములు గుంపులు గుంపులుగా జన్మించునని నేడు ఎల్లరును ఎరుగుదురు.

అట్లు జన్మించిన నక్షత్రములలో బరువైనవి అత్యుష్ణములు, అల్పాయువులు. వాని తేజస్సులో పెద్దపాలు అతినీలలోహితము. కావున ఒక నక్షత్రవీథి వెదజల్లు అతినీలలోహితమును కొలిచినచో, అచ్చట ఆ కాలమున ఎన్ని నక్షత్రములు పుట్టుచుండెనో తెలియును. దూరమున నున్నదానిని చూచుట యనగా పూర్వకాలమును చూచుటయే గనుక, ఆ కొలత చరిత్రయే యగును. 1996లో సైమన్ లిల్లీ, పియరో మదావు మున్నగువారు ఈ చరిత్రకు తొలి రేఖాచిత్రమును గీచిరి. 1380 కోట్ల సంవత్సరముల వయస్సుగల విశ్వమున, నక్షత్రజన్మ క్రమక్రమముగ పెరిగి, సుమారు 1000 కోట్ల సంవత్సరములకు పూర్వము శిఖరము నంది, అటుపిమ్మట తగ్గుచు వచ్చి, నేటికి అందు పదియవ వంతునకు దిగినది. మారినది పరిమాణము మాత్రమే కాదు, ఆ తేజస్సు స్వభావమును మారినది. ఆదియుగమున ఇనుము మున్నగు బరువు మూలకములు అరుదు గనుక నాటి నక్షత్రములు మరింత వేడివి. వాని కిరణములు ఆమ్లజని పరమాణువునుండి రెండేసి ఎలక్ట్రానులను ఊడబెరుక గలిగినంత తీక్ష్ణములు. అందుచేతనే ప్రాచీన వీథుల వర్ణపటమున ఆ ఆమ్లజని యొక్క ఆకుపచ్చరేఖ, మన పాలవెల్లివంటి నేటి వీథులలో కంటె ఎంతో ప్రబలముగా కానవచ్చును.

అయితే ఈ లెక్కకు ఒక పెద్ద అడ్డు కలదు: ధూళి. మసివంటి సూక్ష్మకణములు అతినీలలోహితమును మ్రింగి, తాము కొంచెము వేడెక్కి, ఆ శక్తిని దూరపరారుణ కిరణములుగా విడుచును. శిఖరకాలపు నక్షత్రజన్మతేజస్సులో అధికభాగము ఈ రూపమునకే మారిపోయినది. ఆ కిరణములను మన వాతావరణమందలి నీటియావిరి నేలకు చేరనీయదు. వానిని చూడవలెనన్న యంత్రమును ఆవిరికి మీదుగా లేపవలెను.

ఇచ్చటనే ఉస్మానియా మైదానములు మరల కథలోనికి వచ్చును. బొంబాయి టాటా మౌలిక పరిశోధనసంస్థవారు 1960 దశకమున ఈ ప్రాంగణమునుండి పెద్ద బెలూనులను ఆకాశమున కెగురవేసిరి. భూమి అయస్కాంత మధ్యరేఖకు హైదరాబాదు దగ్గరిది. తక్కువ శక్తిగల విశ్వకిరణములు ఇచ్చట ప్రక్కకు మళ్లిపోవుటచే యంత్రములకు రొద తక్కువ. 1969లో ఆ పనికి తార్నాకకు ఈశాన్యముగా, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమున, స్థిరమైన కేంద్రము ఏర్పడినది. అచ్చటినుండియే ఒక మీటరు దర్పణముగల పరారుణ దూరదర్శినిని బెలూనుకు వ్రేలాడదీసి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తునకు పంపుచు వచ్చిరి. 1999 మొదలు జపాను శాస్త్రజ్ఞుల వర్ణమాపకము దానికి తోడైనది. దానితో వృశ్చికరాశియందలి ఎన్.జి.సి. 6334 అను తారాజన్మస్థానమున, 158 మైక్రోనుల తరంగదైర్ఘ్యముగల కర్బనరేఖను పటముగా గీచిరి. నవజాతనక్షత్రములచే వేడెక్కిన వాయువు చల్లారుటకు వాడుకొను ముఖ్యమార్గము ఆ రేఖయే.

నేడు చిలీదేశపు ఆల్మా దూరదర్శినీసమూహము, విశ్వమునకు 100 కోట్ల సంవత్సరములైనను నిండని కాలపు నక్షత్రవీథులలో వెదకి పట్టుచున్నది కూడ ఆ కర్బనరేఖనే. విశ్వవ్యాకోచముచే అది ఎనిమిది రెట్లు సాగి, 158 మైక్రోనులుగా బయలుదేరినది ఒక మిల్లీమీటరునకు మించిన తరంగమై ఇచ్చటికి వచ్చి చేరుచున్నది.