కోడి లేకుండా కోడిపిల్ల: పొదిగే పెట్టె చరిత్ర

కోడి పొదిగినా 21 రోజులే, మిషను పొదిగినా 21 రోజులే. రెండు వేల ఏళ్ళకు పైగా మనిషి ఈ పనిని కోడి దగ్గర నుంచి తన చేతికి తీసుకోవాలని చూస్తూనే ఉన్నాడు. ఒక్క రోజు కూడా తగ్గించలేకపోయాడు. కానీ లెక్క మాత్రం పెంచాడు. కోడిపెట్ట ఒక్కసారికి పది పన్నెండు గుడ్లు పొదిగితే, పెద్ద మిషను వేల గుడ్లు పొదుగుతుంది.

ఈ చరిత్ర చదివితే నాకు ఒక సంగతి అర్థమైంది. గుడ్డుకు వేడి ఇవ్వడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు. పొదిగిన చోటును శుభ్రం చెయ్యాలని, ఎందుకు చెయ్యాలో తెలుసుకోవడానికే చాలా కాలం పట్టింది. ఆ సంగతి తెలియని చోట ఇప్పటికీ కోడిపిల్లలు చచ్చిపోతున్నాయి. మా ఊళ్ళో కూడా.

ఈజిప్టు పొయ్యి గదులు

గ్రీకు పండితుడు అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే ఈజిప్టు గురించి ఒక మాట రాశాడు. అక్కడ గుడ్లను పేడ కుప్పల్లో పూడ్చి పిల్లలు చేస్తారని. తరువాతి కాలంలో అక్కడివాళ్ళు పచ్చి ఇటుకలతో పెద్ద పొయ్యి గదులు కట్టారు. మధ్యలో సన్నటి దారి, రెండు పక్కలా గదులు. ఒక్కో గది రెండు అంతస్తులు. కింద గుడ్లు, పైన పేడ పిడకలు, గడ్డితో సన్నటి మంట. పొగ పోవడానికి పైన కంతలు. వేడి ఎక్కువైతే కంత తెరుస్తారు, తగ్గితే మూస్తారు.

వాళ్ళ దగ్గర థర్మామీటరు లేదు. గుడ్డు తీసి కంటి రెప్ప మీద ఆనించి వేడి చూసేవాళ్ళు. పనివాళ్ళు ఆ గదుల దగ్గరే ఉండి, పగలూ రాత్రీ గుడ్లు తిప్పేవాళ్ళు. ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, బయటివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు.

ఇది మా అవ్వకు చదివి వినిపిస్తే నవ్వింది. "కోడికి మాత్రం థర్మామీటరు ఎవరిచ్చినారు నాయనా?" అనింది. నిజమే. పెట్ట తన పొట్ట కింద ఈకలు రాల్చుకుని, ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగిలేలా కూర్చుంటుంది. ముక్కుతో గుడ్లను రోజుకు ఎన్నోసార్లు దొర్లిస్తుంది. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకు పొరకు అంటుకుపోతుంది. మిషను కనిపెట్టిన వాళ్ళంతా కోడి చేసే పనులను ఒక్కొక్కటిగా నేర్చుకున్నవాళ్ళే.

వేడిని పట్టుకున్న యూరపు

17వ శతాబ్దం మొదట్లో కార్నీలియస్ డ్రెబెల్ అనే డచ్చి దేశస్థుడు ఇంగ్లండులో ఉంటూ, వేడి ఎక్కువైతే తనంతట తానే మంట తగ్గించుకునే పొయ్యి తయారు చేశాడు. దాంట్లో గుడ్లు కూడా పొదిగించాడు. ఫ్రాన్సులో రేమూర్ అనే శాస్త్రవేత్త 1730లో తన పేరుతో ఒక థర్మామీటరు తెచ్చాడు. ఈజిప్టు పద్ధతిని గురించి తెలుసుకుని, పీపాల్లో గుడ్లు పెట్టి, వాటి చుట్టూ వేడి పేడ కుప్ప పోసి, థర్మామీటరుతో కొలుస్తూ పిల్లలు చేశాడు. ఆ అనుభవాలను 1749లో పుస్తకంగా వేశాడు. ఈజిప్టులో ఇంటి రహస్యంగా ఉన్న విద్య ఇలా పుస్తకంలోకి వచ్చింది.

1879లో అమెరికాలో కాలిఫోర్నియాలోని పెటలూమా ఊళ్ళో లైమన్ బైస్, ఐజాక్ డయాస్ కలిసి దీపంతో పనిచేసే పెట్టె చేశారు. ఆ ఊరు తరువాత గుడ్లకు, కోళ్ళకు ప్రపంచమంతా పేరు పొందింది. 1881లో ఇంగ్లండులో చార్లెస్ హియర్సన్ ఒక చిన్న రేకు బిళ్ళ చేశాడు. దాంట్లో కొద్దిగా ద్రవం ఉంటుంది. పెట్టెలో వేడి హద్దు దాటితే ద్రవం ఆవిరై బిళ్ళ ఉబ్బుతుంది. ఉబ్బిన బిళ్ళ ఒక కడ్డీని లేపుతుంది, కడ్డీ దీపం గొట్టం మీది మూతను లేపుతుంది. ఎక్కువ వేడి బయటికి పోతుంది. ఇప్పుడు థర్మోకోల్ పెట్టెల్లో బల్బును ఆపి, మళ్ళీ వెలిగించే థర్మోస్టాట్ చేసే పని కూడా ఇదే.

ఫ్యాను వచ్చింది, జబ్బు తిరిగింది

1918లో అమెరికాలో డాక్టర్ శామ్యూల్ స్మిత్ ఫ్యానుతో వేడి గాలిని తిప్పే పెద్ద మిషనుకు పేటెంటు పొందాడు. గాలి తిరిగితే అన్ని మూలలా ఒకే వేడి ఉంటుంది. ఒకే గదిలో వేల గుడ్లు పెట్టవచ్చు.

అయితే గాలితో పాటు జబ్బు కూడా తిరిగింది. అప్పట్లో కోళ్ళు పెంచేవాళ్ళను ఏడిపించిన జబ్బు తెల్ల పారుడు. పుట్టిన కొద్ది రోజులకే పిల్లలు ముడుచుకుని కూర్చుని, వెనక తెల్లగా అంటుకుని, కుప్పలుగా చచ్చిపోయేవి. దీనికి కారణం ఒక బ్యాక్టీరియా అని 1899లో లియో రెట్గర్ కనిపెట్టాడు. పుల్లోరమ్ అనే ఈ జబ్బు తల్లి కోడి నుంచి గుడ్డులోకి వస్తుంది. పెట్టెలో ఒక్క జబ్బు పిల్ల పుట్టినా చాలు, దాని ఒంటి మీది నూగు ఎండి గాలిలో లేస్తుంది, మిగతా పిల్లలు పీలుస్తాయి. అంటే జబ్బు రావడానికి రెండు దారులు: ఒకటి తల్లి, రెండు పెట్టె.

అమెరికాలో 1935లో జాతీయ పథకం పెట్టి, తల్లి కోళ్ళ రక్తం పరీక్షించి, జబ్బు ఉన్నవాటిని తీసేయడం మొదలుపెట్టారు. హేచరీల్లో బ్యాచి బ్యాచికీ మిషను కడిగి మందు పొగ వెయ్యడం మామూలైంది.

మన దగ్గరికి ఎలా వచ్చింది

గుడియాత్తంలో చెన్నై వైపు రైలెక్కితే కాట్పాడి వస్తుంది. అక్కడ ఆర్కాట్ మిషన్ వారు వ్యవసాయ సంస్థ నడిపారు. 1920లో అమెరికా నుంచి వచ్చిన జాన్ డి వాలోయిస్ అక్కడ చాలా ఏళ్ళు పనిచేశాడు. మేలు జాతి కోళ్ళను పెంచి, చుట్టుపక్కల పల్లెలకు అందించడం అక్కడి పనుల్లో ఒకటి.

మేలు జాతి కోడికి, పొదిగే పెట్టెకు ఉన్న సంబంధం ఇక్కడ చెప్పాలి. నాటు కోడి కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. కూర్చున్నన్నాళ్ళూ గుడ్లు పెట్టదు. ఎక్కువ గుడ్లు కావాలని మనిషి పొదగని కోళ్ళనే ఏరి ఏరి పెంచాడు. వైట్ లెగ్‌హార్న్ అలాంటిదే. ఏడాదంతా గుడ్లు పెడుతుంది కానీ వాటి మీద కూర్చోదు. తల్లి పొదగకపోతే పిల్లలు ఎలా? అందుకే మేలు జాతి వచ్చిన చోటికల్లా దాని వెనకే పెట్టె కూడా వచ్చింది.

1971లో బండా వాసుదేవరావు అనే తెలుగాయన పూణెలో వెంకటేశ్వర హేచరీస్ ప్రారంభించాడు. ఒక రోజు పిల్లలు అట్టపెట్టెల్లో ఊరూరికీ పోవడం పెరిగింది. పొట్టలో మిగిలిన పచ్చసొన వల్ల పిల్ల రెండు రోజులు మేత లేకున్నా బతుకుతుంది కాబట్టే అంత దూరం పంపగలరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తయారు చేసింది. ఇవి కూడా నాటు కోడిలా పొదగవు.

మా ఊరి పెట్టె

మా మోర్ధానా కౌండిన్య ఏటి దగ్గర, ఆంధ్రా సరిహద్దు పక్కన ఉంది. ఇళ్ళల్లో తెలుగు, అంగట్లో అరవం. మా పక్కింటి అక్క పిల్లలు చేసి అమ్ముదామని థర్మోకోల్ పెట్టె కొనింది. మొదటిసారి పిల్లలు బాగా వచ్చాయి. సంతలో అమ్మి స్కూలు ఖర్చులకు వాడుకునింది. రెండోసారి పుట్టిన పిల్లలు వారం తిరక్కుండానే చాలా వరకు చచ్చిపోయాయి. ఆ డబ్బును నమ్ముకుని ఆమె మాట ఇచ్చిన చోట్లు ఉన్నాయి. పశువుల డాక్టరు వచ్చి, పెట్టె తెరిచి, ఫ్యాను వెనక వేలు పెట్టి తీస్తే బూడిద లాగా నూగు వచ్చింది. మొదటిసారి పిల్లలది. ఏ జబ్బో పరీక్ష చేస్తే గానీ చెప్పలేమని, ముందు పెట్టెను శుభ్రం చెయ్యమని అన్నారు. పెట్టెతో ఇచ్చిన కాగితంలో వేడి గురించి ఉంది, కడగడం గురించి ఒక్క ముక్క లేదు.

మా అవ్వ పద్ధతి గుర్తొచ్చింది. ఆమె పొదుగు అయిపోగానే గంపలోని గడ్డీ పెంకులూ కాల్చేస్తుంది. గంపను ఎండలో బోర్లిస్తుంది. మళ్ళీ పెట్టేటప్పుడు కొత్త గడ్డి, బూడిద, కోడి పేలు పట్టకుండా వేపాకు వేస్తుంది. ఏ పుస్తకంలోనూ అవ్వల పేర్లు లేవు కానీ, శుభ్రం చెయ్యడమనే చరిత్ర వాళ్ళ చేతుల్లోనే ఉండింది. గంప పోయి పెట్టె వచ్చినప్పుడు ఆ అలవాటు కూడా పోయింది.

పెట్టె వాడేవాళ్ళకు

డాక్టరు చెప్పినవి, నేను చదివినవి కలిపి రాస్తున్నా.

గుడ్లు ఏరేటప్పుడే శుభ్రంగా ఉన్నవి ఏరాలి. చల్లనీళ్ళలో కడగకూడదు. పెంకుకు వేల సన్న రంధ్రాలు ఉంటాయి, కడిగితే మురికి వాటిలో నుంచి లోపలికి పోతుంది. వారం కంటే పాత గుడ్లు వద్దు.

ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 నుంచి 37.8 డిగ్రీలు ఉండాలి. 18వ రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, తరువాత తిప్పడం ఆపి తేమ పెంచాలి. పెట్టె వేడి చెయ్యగలదు గానీ చల్లబరచలేదు. మన వేలూరు జిల్లాలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏప్రిల్, మేలో చల్లటి గదిలో పెట్టుకోవాలి.

పిల్లలు తీసిన రోజే పెట్టె కడగాలి. ముందు కరెంటు తీసెయ్యాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని పెంకులు, నూగు తుడిచెయ్యాలి. ఫ్యాను, థర్మోస్టాట్, వైర్లు తడపకుండా పొడి బ్రష్షుతో దులపాలి. ట్రేలు, నీళ్ళ గిన్నె, జాలీ సబ్బు నీళ్ళతో రుద్దాలి. ఆ తరువాతే బ్లీచింగ్ నీళ్ళు వాడాలి, సీసా మీద రాసిన కొలత ప్రకారం. ఈ వరుస మార్చకూడదు, ఎందుకంటే మురికి ఉంటే బ్లీచింగ్ బలం మురికితోనే అయిపోతుంది, క్రిములు బతికిపోతాయి. బ్లీచింగ్‌ను ఇంకే మందుతోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. చివరికి మంచి నీళ్ళతో కడిగి, ట్రేలను ఎండలో బాగా ఎండనివ్వాలి. ఖాళీ పెట్టెను ఒక రోజు నడిపి, వేడి నిలకడగా ఉందని చూశాకే గుడ్లు పెట్టాలి.

పెద్ద హేచరీల్లో వేసే ఫార్మలిన్ పొగ ఇంట్లో వద్దే వద్దు. దానిలోని ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. పిల్లలను, పెట్టెను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కోళ్ళ నుంచి సాల్మొనెల్లా మనకూ వస్తుంది, చిన్నపిల్లలకు మరీ ప్రమాదం.

ఈజిప్టు వాళ్ళు ఈ విద్యను దాచిపెట్టారు. మనకు దాచాల్సిన పని లేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పెట్టె ఉంటే దాని మూత మీద ఒక కాగితం అంటించి నాలుగు గడులు గీయండి. గుడ్లు పెట్టిన తేదీ, తిప్పడం ఆపే 18వ రోజు, పిల్లలు వచ్చే 21వ రోజు, పెట్టె కడిగిన తేదీ. నాలుగో గడి ఖాళీగా ఉంటే కొత్త గుడ్లు పెట్టనియ్యకండి.